ప్రాణలింగము – ప్రాణయంత్రము



మన మతము ఈ దేహమును మూడు లింగములకు నిలయముగ చెప్పినది. కరస్థలమున ఇష్టలింగము, హృదయమున ప్రాణలింగము, భావమున భావలింగము. ఇష్టలింగమును గురుడు చేతికిచ్చును గనుక దానిని అందరమును ఎరుగుదుము. భావలింగము అనుభవించినవారికే తెలియును. నడుమనున్న ప్రాణలింగము విషయముననే మనము తరచు పొరపడుచున్నాము. ముక్కున ఆడు గాలియే ప్రాణమనియు, అది ఆడినంత కాలము లోపల అర్చన సాగుచున్నట్లే యనియు తలచుచున్నాము. ఈ పొరపాటు వలన పూర్వము పెద్ద హాని లేకుండెను. గాలి ఆగిననాడే ప్రాణమును పోయెడిది. రెండింటి నడుమ ఎడము లేదు. ఇప్పుడు ఆ రెండింటి నడుమకు ఒక యంత్రము వచ్చినది.

వెంటిలేటరు అను ఆ యంత్రమును గూర్చి బసవతత్త్వ పత్రికలో వ్రాయుట కొందరికి వింతగ తోచవచ్చును. కాని శ్రీకాకుళము, విజయనగరము జిల్లాలలోని లింగధారి కుటుంబము ఏదైనను ఒకనాడు కాకున్న మరియొకనాడు దాని యెదుట నిలువవలసిన కాలము వచ్చినది. 2008లో శ్రీకాకుళమునను, 2023లో విజయనగరమునను ప్రభుత్వ వైద్య కళాశాలలు ఏర్పడినవి. అయినను వ్యాధి ముదిరినప్పుడు వాహనము పెక్కు పర్యాయములు విశాఖపట్టణము త్రోవయే పట్టును. 1923 నుండి ఉత్తరాంధ్రకు పెద్ద దిక్కుగ నున్న కింగ్ జార్జి ఆసుపత్రికో, మరియొక పెద్ద ఆసుపత్రికో రోగిని చేర్చుదురు. అద్దపు తలుపు వెలుపల చాప పరచుకొని మనవారు కూర్చుందురు. పెదవులపై పంచాక్షరి ఆడుచుండును. లోపల యంత్రము ఊపిరి నింపుచుండును. "ఇంకెన్ని దినములు? దీని చివర ఏమున్నది?" అను ప్రశ్న అందరి మనస్సులను తొలుచుచుండును గాని ఎవరి నోటను వెలువడదు. అడిగినచో ప్రాణముపై ఆశ వదలినట్లగునని, శివుని ఇచ్ఛకు అడ్డుపడినట్లగునని భయము.

ఆ ప్రశ్న అడుగుట శివాపచారము కాదని మనవి చేయుటకే ఈ నాలుగు మాటలు.

ముందుగ ఆ యంత్రమునకు నమస్కరింపవలెను. దాని పుట్టుకయే ఒక దాసోహము. 1952లో డెన్మార్కు రాజధానియైన కోపెన్‌హేగన్ నగరమున పోలియో వ్యాధి విజృంభించెను. ఊపిరి కండరములు చచ్చుబడిన రోగులు నూటికి ఎనుబదిమందికి పైగా మరణించుచుండిరి. బియోర్న్ ఇబ్సెన్ అను మత్తువైద్యుడు రోగి కంఠమున రంధ్రము చేసి, గొట్టము నిలిపి, రబ్బరు సంచిని చేతితో నొక్కుచు ఊపిరి పంపవచ్చునని చూపెను. తగినన్ని యంత్రములు లేవు. వైద్య విద్యార్థులు సుమారు 1500 మంది వంతులు వేసికొని, రాత్రింబవళ్లు, వారముల తరబడి ఆ సంచులను నొక్కిరి. మరణములు సగమునకు పైగా తగ్గినవి. నేటి అత్యవసర చికిత్సా విభాగములకు మూలము ఆ విద్యార్థుల చేతులే. తనువును పరులకొరకు అర్పించుట దాసోహమైనచో, పంచాక్షరి ఎరుగని ఆ పరదేశపు బాలురు దాసోహమే చేసిరి.

మన యూళ్లలోనే చూడుడు. వానకాలమున నేలపై పండుకొనినవానిని కట్లపాము కరచును. కాటు గుర్తు కూడ సరిగ కనబడదు. తెల్లవారునప్పటికి కనురెప్పలు వాలును, మ్రింగుట కష్టమగును, పిదప ఊపిరి నిలుచును. పూర్వము అంతటితో సరి. నేడు విషమునకు విరుగుడు మందు నిచ్చి, యంత్రముతో కొన్ని దినములు ఊపిరి పోసినచో మనిషి లేచి తన కాళ్లతో ఇంటికి వచ్చుచున్నాడు. పురుగుమందు త్రాగినవారిలో ఎందరినో ఈ యంత్రమే గట్టెక్కించుచున్నది. నరములకు వచ్చు గీలన్ బారీ వ్యాధి కలదు. అందులో వారములు, నెలలు యంత్రముపై నుండియు కోలుకొనువారు కలరు. కనుక దినములను మాత్రమే లెక్కించి తీర్పు చెప్పరాదు. వంశధారకు వరద వచ్చినప్పుడు నావ నెక్కువాడు ఆవలి రేవు కొరకు ఎక్కును గాని నావలో కాపురము పెట్టుటకు ఎక్కడు. ఆవలి రేవు ఉన్నదా లేదా యనునదే తెలిసికొనవలసిన సంగతి.

వైద్యులు 21 దినములకు మించి, దినమునకు ఆరు గంటలకు తక్కువ కాకుండ యంత్రముపై ఆధారపడిన స్థితిని దీర్ఘకాలపు కృత్రిమ శ్వాసగ పరిగణించుచున్నారు. ఆ మూడు వారములలో దేహమున జరుగు మార్పులను తెలిసికొనుట మంచిది. ఊపిరికి ముఖ్యమైన కండరము ఉదరవితానము. అది పని లేక పడియున్నచో మూడు దినములలోపలనే చిక్కిపోవుట మొదలిడునని పరిశోధకులు 2008లో కనుగొనిరి. పని చేయని అవయవము తన కాయకమును మరచును. గొట్టము వెంట క్రిములు చేరి ఊపిరితిత్తులకు కొత్త జబ్బు వచ్చును. వీపున పుండ్లు పడును. పగలు రాత్రి తెలియక మనస్సు కలతచెందును. పది పదునైదు దినములు గడచిన పిమ్మట నోటి గొట్టము తీసి కంఠమున రంధ్రము చేయుదురు. అది రోగికి కొంత హాయియే, కాని అప్పుడును సాధారణముగ మాట రాదు. అందుచేతనే మంచి ఆసుపత్రులలో ప్రతి ఉదయమున మత్తును తగ్గించి, యంత్రపు సాయమును కొంతసేపు సడలించి, రోగి తానుగ ఊపిరి తీయగలడేమో పరీక్షింతురు. బంధువులు వైద్యుని అడుగవలసిన మొదటి మాట ఇది: "ఈ దినము పరీక్షించితిరా? నిన్నటికంటె మేలుగ నున్నదా?"

అటుపై ఫలితములు. 2015లో ప్రచురింపబడిన ఒక సమీక్ష 124 అధ్యయనములను ఒకచోట కూర్చి చూచినది. ఇట్లు దీర్ఘకాలము యంత్రముపై నున్నవారిలో సంవత్సరము తిరుగునప్పటికి నూటికి సుమారు అరువదిమంది కాలధర్మము చెందిరి. యంత్రమునుండి విడివడగలిగినవారు సగముమంది. ఆసుపత్రినుండి తమ యింటికి పోగలిగినవారు నూటికి 19 మంది మాత్రమే. అమెరికాలో 126 మందిని సంవత్సరము పాటు గమనించి 2010లో ప్రకటించిన మరియొక అధ్యయనమున, ఏడాది చివర జీవించియుండి తమ పనులు తాము చేసికొనగల స్థితిలో నున్నవారు 11 మంది. ఇవి సంపన్న దేశముల లెక్కలని మరువరాదు. అచ్చట ఇట్టి రోగులను నెలల తరబడి ఉంచుకొను ప్రత్యేక వైద్యశాలలు కలవు. టెక్కలి, పాలకొండ, బొబ్బిలి ప్రాంతములలోని ఇంటికి అట్టి రోగిని తెచ్చికొన్నచో కంఠపు గొట్టమును శుభ్రపరచుట మొదలు కరెంటు పోయిన వేళ సంచి నొక్కుట వరకు కోడలో, కూతురో, భార్యయో చేయవలెను.

ఎవరు దాటుదురు, ఎవరు దాటలేరు అనుటకు వైద్యులు ఇరువది యొకటవ దినమున నాలుగు సంగతులు చూచుచున్నారు: రోగి వయస్సు, రక్తమున ప్లేట్‌లెట్ల సంఖ్య, రక్తపోటు నిలుపుటకు మందు ఎక్కించవలసి యున్నదా, డయాలిసిస్ చేయవలసి యున్నదా. ఇవేవియు ప్రతికూలముగ లేనివారిలో ఎక్కువమంది సంవత్సరము దాటుదురు. మూడు నాలుగు కూడినవారిలో దాటువారు బహు స్వల్పము. ఉద్దానము వారికి ఈ నాలుగవ సంగతి విశదీకరింప నక్కరలేదు. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మండలములలో మూత్రపిండముల వ్యాధి ఎన్నో గడపలను తాకినది. 2023 డిసెంబరులో పలాసలో ప్రత్యేక ఆసుపత్రియే ఏర్పడినది. అట్టి రోగికి ఊపిరితిత్తులు కూడ చెడి యంత్రము అవసరమైనప్పుడు ఇంటివారు వైద్యుని మరింత విపులముగ అడిగి తెలిసికొనవలెను.

కాని అడుగుచున్నామా? అదే అమెరికా రోగుల బంధువులను, వైద్యులను వేర్వేరుగ ప్రశ్నించి 2009లో ప్రకటించినారు. రోగి ఏడాది బ్రతుకునని గట్టిగ ఆశించిన బంధువులు నూటికి 93 మంది. వైద్యులలో అట్లు ఆశించినవారు సగముమంది కూడ లేరు. మున్ముందు రోగి స్థితి ఎట్లుండునో వైద్యులు తమతో మాట్లాడిరని చెప్పిన బంధువులు నూటికి 26 మందియే. చదువు, ధనము గల దేశముననే ఇట్లున్నది. మనవారు డాక్టరు గారి ముందు చేతులు కట్టుకొని "తమరే దేవుడు బాబూ" అని మాత్రము అందురు. వైద్యుడు దేవుడు కాడు. అతడు కాయకము చేయు శరణుడు. అతని నడుగుట అగౌరవము కాదు; అడిగినచో అతని భారమును తగ్గించినవారగుదురు.

పాల్కురికి సోమనాథుని బసవపురాణమున బెజ్జమహాదేవి కథ కలదు. శివునికి తల్లి లేదని ఆమె దుఃఖించి, తానే తల్లియై లింగమును శిశువుగ సాకినది. స్నానము చేయించినది, పాలు పట్టినది. ఆమె ప్రేమను పరీక్షింప శివుడు కంఠమున వ్యాధి నటించి పాలు ముట్టకుండెను. ఆ తల్లి తల్లడిల్లినది. బిడ్డడు మృత్యుంజయుడు గదా, ఇతనికేమి కొదువ యను తలంపు ఆమెకు తోచనే లేదు. ప్రాణము విడువ సిద్ధపడినది. శివుడు ప్రసన్నుడయ్యెను. ఆసుపత్రి వసారాలో కూర్చున్న తల్లులందరును బెజ్జమహాదేవులే. వారికి లెక్కలు వినిపించవు. వినిపించలేదని నిందించుట తగదు. ఆ ప్రేమను శివుడే మెచ్చినాడు.

అయితే మన కాలమున మరియొక తల్లిని తెలుగుదేశము చూచినది. 2004లో హైదరాబాదున, పుట్టుకతో వచ్చిన కండరముల క్షీణవ్యాధితో ఇరువదియైదేండ్ల యువకుడొకడు యంత్రముపై నుండెను. చదరంగము నేర్చినవాడు. తన అవయవములు చెడిపోకముందే పరులకు ఉపయోగపడవలెనని అతడు కోరెను. తల్లి ఆ కోరికను చేతబట్టి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు మెట్లెక్కెను. కోర్టు ఒప్పుకొనలేదు. ప్రాణముండగా అవయవములు తీయుటను చట్టము అంగీకరింపదు. 1994 నాటి చట్టము ప్రకారము మెదడు మృతిచెందినట్లు నిర్ధారించిన పిదపనే అది సాధ్యము. అతడు ఆ డిసెంబరులోనే మరణించెను. అతని కథను 2022లో చలనచిత్రముగ కూడ తీసిరి. కోర్టు తీర్పు సరియైనదే యని నా అభిప్రాయము. కాని ఆ తల్లి చేసిన పని మనము గ్రహింపవలసినది. ఆమె తన ఆశను కాక బిడ్డని మాటను మోసినది. అతడు మాట చెప్పగలిగియుండెను గనుక ఆమె మోయగలిగినది. మన యిండ్లలో చెప్పువారెవరు?

షట్స్థలములలో మూడవది ప్రసాదిస్థలము, నాలుగవది ప్రాణలింగిస్థలము. ఈ వరుసలో ఒక సూక్ష్మము కలదు. ప్రసాది యగువాడు తనకు లభించిన ప్రతి వస్తువును శివుని యొద్దనుండి వచ్చినట్లు స్వీకరించును. అన్నము ప్రసాదమే, మందు ప్రసాదమే, యంత్రము పంపు గాలియు ప్రసాదమే. కావున "యంత్రము పెట్టించుకొనుట శివేచ్ఛకు విరుద్ధము" అని వాదించువారి మాట నాకు సమ్మతము కాదు. అట్లైనచో మందు మ్రింగుటయు విరుద్ధమే కావలెను. కాని ప్రసాదమునకు మర్యాద ఒకటి కలదు. తీసికొనగలిగినంతయే పట్టవలెను, పారవేయరాదు, కూడబెట్టరాదు. తిన్నది ఒంటికి పట్టనివాని నోట అన్నము కుక్కుట ప్రసాద సేవ యగునా? ప్రాణలింగి యగువాడు ఊపిరియందు లింగమును చూచును; ఊపిరినే లింగమనడు. ఈ రెంటికి గల భేదము యంత్రము ఎదుట నిలిచినవానికి తెలిసినంతగ పండితునికి కూడ తెలియదు.

టెక్కలి చేరువ రావివలసలో ఎండల మల్లికార్జునస్వామి కలడు. ఆ మహాలింగమునకు పైకప్పు లేదు; ఎండకు ఎండుచు వానకు తడియుచు నుండును. స్థలపురాణము ఇట్లు చెప్పును: రామరావణ యుద్ధానంతరము వానర వైద్యుడగు సుషేణుడు ఈ ప్రాంతపు జనులు రోగపీడితులై యుండుట చూచి, వారికి చికిత్స చేయుచు ఇచ్చటనే నిలిచి తపస్సు చేసెను. తరువాత హనుమంతుడు వచ్చి చూచునప్పటికి అతని కళేబరము మాత్రమే మిగిలియుండెను. దానిపై మల్లెలు కప్పి పోయి, మరల తిరిగి వచ్చి చూడగా అచ్చట లింగముండెను. లక్ష్మణుని ప్రాణము నిలిపిన వైద్యుడు, సంజీవని గుర్తెరిగిన వైద్యుడు తన దేహమును నిలుపుకొన యత్నింపలేదు. ఇతరుల దేహములకు సేవ చేసి తన దేహమును ఒప్పగించెను. ఏటేట ఆ కొండకు పోయి మ్రొక్కు మనము ఈ సంగతిని తలపోయవచ్చును.

"అయినను, యంత్రము తీయుడని చెప్పుట చేతులార చంపుట కాదా?" అని అడుగుదురు. వ్యాధిచే దేహము యాత్ర ముగించుచుండగా, మేలు చేయని సాధనమును తొలగించుటకును, ప్రాణము తీయుటకును భేదము కలదు. మన దేశపు అత్యున్నత న్యాయస్థానము 2011లో దీనిని కొంత అంగీకరించి, 2018 మార్చి 9వ తేదీన ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనము ద్వారా స్పష్టపరచినది. గౌరవముతో మరణించుట జీవించు హక్కులో భాగమనియు, తనకు మాట లేని స్థితి వచ్చినప్పుడు ఏ చికిత్స వలదో ముందుగనే వ్రాసియుంచవచ్చుననియు చెప్పినది. ఆనాటి నిబంధనలు కఠినముగ నుండుటచే 2023 జనవరిలో వాటిని సులువు చేసినది. పత్రముపై ఇద్దరు సాక్షులు సంతకము చేయగా, నోటరీ గాని గెజిటెడు అధికారి గాని ధ్రువీకరించిన చాలును. సమయము వచ్చినప్పుడు ముగ్గురు వైద్యుల మండలి ఒకటి, దానిపై మరియొక మండలి పరీక్షించి, బంధువుల సమ్మతితో నిర్ణయింతురు. పత్రము లేనివారి విషయమునను ఇట్టి పద్ధతియే కలదు. అనగా ఒక్కని చేతిలోని పని కాదు, చీకటిలోని పని అంతకన్నను కాదు.

ఇచ్చట కఠినముగ ఒక మాట చెప్పవలసియున్నది. వృద్ధుడని, ఆడుదని, ఆస్తి పంపకము తెమలునని యంత్రము తీయించుట హత్యయే. వైద్యుడు ఆశ ఉన్నదనుచుండగా ఖర్చుకు వెరచి తీసికొనిపోవుట వేరు దుఃఖము. దానిలో పాపము ఆ ఇంటివారిది మాత్రమే కాదు, ఇరుగుపొరుగున చేయూత నీయక కూర్చున్న మన సంఘమునకును వాటా కలదు. 2007లో ఆరోగ్యశ్రీగ మొదలై ఇప్పుడు ఎన్.టి.ఆర్. వైద్యసేవ పేర నడచు పథకము పేదలకు గొప్ప ఆదరువు. కాని వారముల తరబడి పట్టణమున పడియుండు తోడివారి కూలి నష్టము, తిండి, రాకపోకలు ఎవరు భరింతురు? పొలము తాకట్టు పడిన పిదప వచ్చి పరామర్శించుటకంటె, పదవ దినముననే అన్నపు క్యారియరు పట్టుకొని పోవుట మేలైన దాసోహము.

మరియొక సంగతి మనలో తరచు జరుగుచున్నది. ఆశ లేదని తెలిసిన పిమ్మట, కడపటి ఊపిరి ఇంటిలోనే పోవలెననియు, లింగము చేతనుండగా జంగమయ్య వచ్చి విభూతి పెట్టవలెననియు, రోగిని వాహనమున ఎక్కించి చేతితో సంచి నొక్కుచు తెచ్చుదురు. కోరిక న్యాయమైనదే. అయితే వైద్యునికి చెప్పక, వాదులాడి సంతకము చేసి తెచ్చినచో, నొప్పికిని ఆయాసమునకును మందు లేక త్రోవలో ఆ ప్రాణి కొట్టుకొనును. ముందుగ చెప్పినచో ఆయాసము తెలియకుండ మందు నిచ్చి పంపగలరు. యంత్రము తీయుట సేవ మానుట కాదు. పెదవులు తడుపుట, ప్రక్కకు తిప్పి పండబెట్టుట, చేయి పట్టుకొనుట, చెవిలో పంచాక్షరి చెప్పుట, అప్పుడే ఎక్కువ అవసరము.

ఆచారము విషయమున కొన్ని సందేహములు వచ్చుచున్నవి గనుక క్లుప్తముగ వ్రాయుచున్నాను. గొట్టము ఉన్న రోగి నోట పాదోదకమును పోయరాదు. అది ఊపిరితిత్తులలోనికి దిగి ప్రాణము మీదికి తెచ్చును. వ్రేలితో నుదుట అద్దిన చాలును. విభూతిని పొడిగ చల్లరాదు. తడిపి నుదుట మాత్రము ధరింపజేయవలెను, కంఠపు రంధ్రము దరికి పోనీయరాదు. స్కానింగు వేళ వెండి కాయను తీయక తప్పదు. అట్లు తీసినందున లింగవియోగ దోషము కలిగినదని ఇంటివారు కుమిలిపోనక్కరలేదు. శుభ్రమైన వస్త్రమున చుట్టి నర్సు నడిగి తలగడ చెంత నుంచుడు, లేదా ఇంటివారెవరైన తమ చేత ఉంచుకొని అర్చన చేయుడు. మాట లేని రోగికి మంత్రము లేదనుకొనవలదు. మానసిక జపమునకు కంఠముతో పని లేదు.

బసవేశ్వరుడు కూడలసంగమమున, అక్కమహాదేవి శ్రీశైలపు కదళీవనమున ఐక్యము చెందిరని వినుచున్నాము. మరణమును పండుగగ తలచిన ఆ శరణుల ధైర్యము మనకు ఒక్కనాట రాదు. కాని వారు చేసినట్లు దానిని గూర్చి మాట్లాడుట నేర్చుకొనవచ్చును. ఇంటి పెద్దలు తమ మనస్సులోని మాట పిల్లలకు చెప్పవలెను: ఎంతవరకు ప్రయత్నింపవలెను, ఎచ్చట ఆపవలెను, ఎవరి మాట చివరి మాట కావలెను. కూతుళ్లను కూడ కూర్చుండబెట్టవలెను. సేవ చేయువారు వారే, అడుగబడనివారును వారే. దీనికి ముహూర్తమేదని అడుగువారికి మహాశివరాత్రిని సూచింతును. శ్రీముఖలింగమునకో పుణ్యగిరికో పోలేక ఇంటనే జాగరణ చేయువారు పెక్కురు కలరు. మూడవ జాము పూజకును నాలుగవ జాము పూజకును నడుమ కావలసినంత తీరిక యుండును, ఎవరును నిద్రపోరు.